అచ్చమాంబగారు వ్రాయని మూడవ భాగము



ముసురు వెలిసి రెండు దినములు ఎండ కాయగానే మన గోదావరి సీమలో ప్రతి గృహిణియు పెట్టెలు తెరచి బట్టలను, పప్పుదినుసులను ఎండవేయును. మేమును ఆ విధముగనే మా పుస్తకముల బీరువా తెరచి, చెమ్మ పట్టిన గ్రంథములను అరుగుమీద పరచితిమి. వానిలో భండారు అచ్చమాంబగారి ‘అబలాసచ్చరిత్ర రత్నమాల’ యొకటి. ఎండలో దాని పుటలు త్రిప్పుచు కూర్చుండగా పొద్దు తెలియలేదు. ఈ మాసము మీతో ముచ్చటింపదగిన విషయము వేరొకటి యేల? స్త్రీలు వ్రాసిన దానిని ఎవరు వెదకిరి, ఎవరు కాపాడిరి, ఎవరు త్రోసివైచిరి అనునదియే మా ప్రస్తావము.

అచ్చమాంబగారు 1874వ సంవత్సరమున జన్మించిరి. పదియేండ్ల ప్రాయముననే వివాహమయ్యెను. పాఠశాల మెట్లెక్కిన వారు కారు. తండ్రిగారు గతించిన పిమ్మట తల్లియు, తమ్ముడును ఆమె యింటనే యుండిరి. ఆ తమ్ముడే తరువాత విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి ప్రసిద్ధులైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. తమ్ముడు చదువుచుండగా ప్రక్కన కూర్చుండి అక్షరములు నేర్చిన అక్క, కొలది యేండ్లలోనే పలుభాషల గ్రంథములను చదువగల విదుషీమణి యయ్యెను. కన్నబిడ్డలను పోగొట్టుకొనిన దుఃఖమును చదువులో మరచిరి. స్త్రీలు స్వభావముచేతనే అల్పబుద్ధులనియు, విద్య గఱచిన స్త్రీ చెడిపోవుననియు పలుకువారికి వాదముతో గాక దృష్టాంతములతో ప్రత్యుత్తరమీయ నెంచి, దేశమందలి స్త్రీల చరిత్రములను సేకరించిరి. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ప్రోత్సాహముతో ఆ గ్రంథము 1901లో వెలువడెను.

ఆమె సంకల్పము మూడు భాగములు. మొదటిది చారిత్రకకాలపు భారతస్త్రీలది. రెండవది వేదపురాణకాలపు స్త్రీలది. మూడవది ఇంగ్లండు మొదలగు పరదేశముల స్త్రీలది. మొదటి భాగము పూర్తియయ్యెను. 1905 జనవరి 18వ తేదీన, ముప్పదియేండ్ల ప్రాయముననే ఆమె కన్నుమూసిరి. మూడవ భాగము వ్రాయబడలేదు. ఆ వ్రాయని భాగమును తలచికొనునప్పుడెల్ల మాకు ఒక ఊహ కలుగును. ఆమెయే బ్రదికియుండి ఐరోపాదేశములవైపు చూచియుండినచో, అచ్చట తనవంటి వారినే కనుగొనియుండెడివారు.

వారిలో మొదట పేర్కొనదగినది క్రిస్టీన్ ద పీజాన్ అను ఆమె. వెనీసు నగరమున పుట్టి, తండ్రి ఫ్రాన్సు రాజు కొలువున ప్రవేశించుటచే బాల్యముననే పారిసు చేరినది. ఇరువదియైదేండ్ల ప్రాయమున భర్త గతించెను. ముగ్గురు బిడ్డలు, తల్లి, పైగా వ్యాజ్యములు. అట్టి స్థితిలో ఆమె కలము పట్టి, వ్రాతచేతనే కుటుంబమును పోషించెను. 1405వ సంవత్సర ప్రాంతమున ‘స్త్రీల నగరము’ అను అర్థము గల పేరుతో ఒక గ్రంథమును రచించెను. స్త్రీలను నిందించు పుస్తకమొకదానిని చదివి ఖిన్నురాలై కూర్చుండగా ముగ్గురు దివ్యాంగనలు ప్రత్యక్షమై, సుచరిత్రలైన స్త్రీల కథలనే ఇటుకలుగా పేర్చి నగరము నిర్మింపుమని చెప్పినట్లు ఆ గ్రంథమారంభమగును. ఆమెకును అచ్చమాంబగారికిని నడుమ అయిదువందల సంవత్సరములు. ఒకరి పేరొకరు విన్నట్లు మనకు తెలియదు. ఐనను నింద యొక్కటియే. ప్రత్యుత్తరమును ఒక్కటియే. పేరులు పోగుచేయుట!

ఇంతకును పేరులు పోగుచేయవలసిన యగత్యమేమి? పేరు నిలుచుట స్త్రీకి అంత సులభము కాదు గనుక. ఇంగ్లండులో బ్రాంటీ సోదరీత్రయము తమ తొలి కవితలను 1846లో పురుషులవలె తోచు మారుపేరులతో ప్రకటించిరి. మేరీ యాన్ ఎవాన్సు అను ఆమె జార్జి ఎలియటు అను పేరు దాల్చెను. ఫ్రాన్సులో జార్జి సాండు, స్పెయినులో ఫెర్నాన్ కబలేరో అనువారును పురుషనామములు ధరించిన స్త్రీలే. 1929లో వర్జీనియా వుల్ఫు అను ఆంగ్లరచయిత్రి ఒక కల్పన చేసెను. షేక్స్పియరు మహాకవికి ఆతనియంతటి ప్రతిభ గల చెల్లెలు ఉండినచో ఆమె గతి యేమై యుండును? బడి లేదు, గది లేదు, చేత కాసు లేదు. ఆమె వ్రాయకయే నశించియుండునని వుల్ఫు నిర్ధారణ. స్త్రీ వ్రాయుటకు తనదియైన గదియొకటి, స్వంత రాబడి కొంత కావలెనని ఆమె చెప్పిన మాట నేటికిని పాతబడలేదు. వంటయింటి గడపమీద కూర్చుండి చిట్టాపుస్తకము వెనుకపుటలో పాట వ్రాసికొనిన మన తల్లులకు ఆ మాట క్రొత్తదియును గాదు.

ఇటీవలి కాలమున ఐరోపా పండితులు ఈ విషయమున ఒక క్రొత్తమార్గము త్రొక్కిరి. హాలెండుదేశపు స్యుజాన్ ఫాన్ డైక్ అను విదుషీమణి మొదలగువారు పూర్వకాలపు రచయిత్రుల వివరములను కంప్యూటరు పట్టికలలో చేర్చుటకు పూనుకొనిరి. 2009 మొదలు 2013 వరకు పెక్కుదేశముల పండితులు చేయి కలిపి ఆ పనిని విస్తరింపజేసిరి. వారి పద్ధతి గమనింపదగినది. ఈమె గొప్పకవియా, కాదా అని వారు మొదటనే తీర్పు చెప్పరు. ఈమె పుస్తకమును ఆమె కాలమున ఎవరు చదివిరి? ఏ భాషలోనికి తర్జుమా చేసిరి? ఏ గ్రంథాలయపు పట్టికలో దాని పేరున్నది? ఏ పత్రికలో విమర్శ వెలువడినది? ఏ లేఖలో ఒక స్త్రీ మరియొక స్త్రీకి ఆ పుస్తకమును చదువుమని చెప్పినది? ఈ ప్రశ్నలకు సమాధానములు కూర్చిన పిమ్మట, సాహిత్యచరిత్రలలో ఒక్క పంక్తికైనను నోచుకొనని రచయిత్రులు తమ కాలమున దేశదేశముల చదువబడినట్లు వెల్లడియగుచున్నది. అనగా వారు లేకపోలేదు. లెక్కించువారే వారిని లెక్కింపలేదు.

మన యింటి సంగతి కూడ ఇట్టిదే. తెలుగున ఆధునిక కథానిక గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’తో 1910లో పుట్టెనని మనము చిరకాలము చదువుకొంటిమి. పాతపత్రికలను తిరుగవేసినవారు, అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూసుందరి’ యందు వెలువడెనని చూపిరి. గురజాడవారి ఘనతకు దీనివలన కొరత లేదు. కాని చరిత్రలో ఎనిమిదేండ్లు వెనుకకు జరిగినవి. ఆ ‘హిందూసుందరి’ యెక్కడిది? మన ఏలూరిది. 1902లో సత్తిరాజు సీతారామయ్యగారు దానిని స్థాపించిరి. తరువాత మొసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మ గారలు సంపాదకత్వము వహించిరి. కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబగారు ‘సావిత్రి’ పత్రికను నడిపిరి. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారి శిష్యురాలు కొటికలపూడి సీతమ్మగారు స్త్రీవిద్యకొఱకు వ్రాసిరి, ఉపన్యసించిరి. సీతమ్మగారు సంస్కరణపక్షము. లక్ష్మీనరసమాంబగారు వితంతువివాహమునకు ప్రతికూలురు. ఇద్దరును స్త్రీవిద్య కావలెననినవారే. ఒకే మండలమున, ఒకే కాలమున, భిన్నాభిప్రాయములు గల స్త్రీలు పత్రికలలో నిర్భయముగా వాదించుకొనిరనుట మనకు గర్వకారణము కాదా? వారిలో మనకు నచ్చినవారినే తలచికొని తక్కినవారిని మరచుట న్యాయము కాదు.

ఈ న్యాయమును గూర్చియే ఇక నొక కష్టమైన సంగతి చెప్పవలసియున్నది. చెప్పుటకు మాకు జంకు కలుగుచున్నది. ఏలయన, అది మనమందరము తండ్రివలె గౌరవించు వీరేశలింగము పంతులుగారికి సంబంధించినది.

పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిరి. 1883లో స్త్రీలకై ‘సతీహితబోధిని’ పత్రికను వెలువరించిరి. ఈ పంక్తులు వ్రాయుచున్న మా చేతికి కలము వచ్చుటయు, చదువుచున్న మీ చేతికి పత్రిక వచ్చుటయు కొంతవరకు వారి చలువయే. వారే ‘ఆంధ్రకవుల చరిత్రము’ను రచించి, తెలుగుకవుల జీవితములను తొలిసారి యొక క్రమమున పెట్టిరి. ఆ గ్రంథమున ముద్దుపళని యను కవయిత్రి ప్రసక్తి వచ్చినప్పుడు మాత్రము పంతులుగారి కలము కరకుదేలినది. ముద్దుపళని పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమందలి విదుషి. ‘రాధికాసాంత్వనము’ ఆమె కావ్యము. ఆమె వేశ్యాకులమున పుట్టినదనియు, ఆ కావ్యమున స్త్రీలు చదువరాని, వినరాని శృంగారమున్నదనియు పంతులుగారు గర్హించిరి.

దానికి ప్రత్యుత్తరమిచ్చినది మరియొక స్త్రీ. బెంగుళూరు నాగరత్నమ్మగారు. సంగీతమున మేటి, తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించిన మహనీయురాలు. ముందు అచ్చుపడిన ప్రతిలో కొన్ని పద్యములును, కవయిత్రి తన్నుగూర్చి చెప్పికొనిన భాగమును తొలగింపబడినట్లు కనిపెట్టి, వ్రాతప్రతిని సంపాదించి, సరిచూచి, 1910లో వావిళ్లవారిచే సంపూర్ణముగా ముద్రింపజేసిరి. పీఠికలో ఆమె వేసిన ప్రశ్న సూటియైనది. సిగ్గనునది స్త్రీలకే గాని పురుషులకు అక్కరలేదా? పురుషకవుల కావ్యములలో ఇంతకు మించిన శృంగారమున్నను పంతులుగారు వానిని మన్నించిరి కదా! స్త్రీ వ్రాసినంతనే అది దోషమెట్లయినది? మరుసటియేడే ప్రభుత్వమువారు ఆ పుస్తకమును నిషేధించిరి. 1946-47లో టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాజధాని ప్రధానమంత్రిగా నున్న కాలమున ఆ నిషేధము తొలగెను. ప్రకాశముగారు పూర్వము మన రాజమహేంద్రవర పురపాలక సంఘాధ్యక్షులుగా నుండినవారే. 1952లో ఆ గ్రంథము మరల అచ్చుపడెను. ఆ సంవత్సరముననే నాగరత్నమ్మగారు పరమపదించిరి.

ఈ కథను మేము పంతులుగారి కీర్తి తగ్గించుటకు చెప్పుట లేదు. పాఠశాల తలుపు తెరచిన చేయియే గ్రంథాలయపు తలుపు మూయగలదని చెప్పుటకే. స్త్రీ చదువవలెనని కోరుట వేరు. ఆమె తనకు తోచినది వ్రాసినప్పుడు ఓర్చుట వేరు. మొదటిది దయచేత సాధ్యము. రెండవదానికి సమానభావము కావలెను. మన అచ్చమాంబగారి గ్రంథము పేరుననే ‘సచ్చరిత్ర’ మను మాట యున్నది. ఆ మాటయు ఒక జల్లెడయే. ఆనాడు ఆ జల్లెడ లేనిదే గ్రంథము గడపలోనికి వచ్చియుండదు గావున ఆమెను తప్పుపట్టలేము. కాని జల్లెడనుండి జారిపోయిన గింజలను ఏరవలసిన బాధ్యత తరువాతివారిది.

ఆ బాధ్యతను కొందరు నెరవేర్చిరి. ఊటుకూరి లక్ష్మీకాంతమ్మగారు 1953లో ‘ఆంధ్రకవయిత్రులు’ అను బృహద్గ్రంథమును ప్రకటించిరి. తాళ్లపాక తిమ్మక్క, మొల్ల, తరిగొండ వెంగమాంబ మొదలుకొని తనకాలపు వారివరకు ఎందరినో అందు చేర్చిరి. పిమ్మట హైదరాబాదునందలి సూసీ థారు, కె. లలిత గారలు భారతదేశపు పలుభాషల స్త్రీల రచనలను ఆంగ్లమున రెండు సంపుటములుగా కూర్చిరి. అవి 1991, 1993 సంవత్సరములలో న్యూయార్కున వెలువడినవి. ముద్దుపళని, నాగరత్నమ్మగారల కథను లోకమునకు చాటినది ఆ గ్రంథమే. 1991లోనే వెల్చేరు నారాయణరావుగారు మన స్త్రీలు పాడుకొను రామాయణపు పాటలను గూర్చి ఆంగ్లమున ఒక వ్యాసము ప్రకటించి, అవి పొద్దుపుచ్చు పాటలు కావనియు, ఇంటియాడువారి కంటితో చూచిన వేరొక రామాయణమనియు నిరూపించిరి. పదునాలుగేండ్లు నిదురించిన ఊర్మిళ కథ మన అమ్మమ్మల నోటనే గదా మనము వింటిమి! ఫ్రాన్సువారు పదునేడవ శతాబ్దపు మదాం ద సెవిన్యే తన కుమార్తెకు వ్రాసిన ఉత్తరములను సాహిత్యమని నెత్తిన పెట్టుకొనిరి. మనము మన తల్లుల ఉత్తరములను ఏమి చేసితిమి?

ఇచ్చట మా తప్పొకటి ఒప్పుకొనవలెను. కోనసీమలో మా పెద్దమ్మగారు గతించినప్పుడు మేమందరము చేరి ఇల్లు సర్దితిమి. ఇత్తడి బిందెలు పంచుకొంటిమి. పట్టుచీరలు పంచుకొంటిమి. అటకమీది రేకుపెట్టెలో నాలుగైదు నోటుపుస్తకములు, త్రాటితో కట్టిన ఉత్తరముల కట్ట యుండెను. “ఇవన్నీ చెదలు పట్టిన కాగితాలమ్మా, ఎందుకు?” అని యెవరో యనిరి. మేము ఔననియే తలయూపితిమి. పాతకాగితముల వర్తకుడు వానిని తూచి తీసికొనిపోయెను. సాహిత్యమును గూర్చి మాసమాసము మీకు వ్రాయుచున్న మేమే అచ్చట నిలువబడి యుంటిమి సుమా!

ఆ పిదప ఆ రేకుపెట్టెను మా యింటికి తెచ్చుకొంటిమి. కొంతకాలమునకు దాని అడుగున పరచియున్న ఒక్క కాగితము కంటబడినది. ఒకవైపు నూనె, ఉప్పు, చింతపండు లెక్క. రెండవవైపు పండ్రెండు పాటల పేరులు. ఒక్కొక్క పేరునకెదురుగా అది యెవరివద్ద నేర్చినదో వ్రాసియున్నది. రెండు పాటలు పుట్టింట తల్లివద్ద. అయిదు అత్తగారివద్ద. మూడు ముక్కామల వదినగారివద్ద. ఒకటి పడవమీద ప్రయాణములో పరిచయమైన యొక పేరంటాలివద్ద. కడపటిదానికెదురుగా ‘నేనే’ యని రెండక్షరములు!

మా పెద్దమ్మగారు పాట కట్టినదని మాలో నెవరికిని తెలియదు. ఆమెను ఎవరమును అడుగలేదు. ఆ పాట నోటుపుస్తకముతో పోయినది. ఏ పాట ఏ యూరినుండి ఏ యూరికి, ఎవరి నోటినుండి ఎవరి నోటికి ప్రాకినదో తెలిసికొనుటకు ఐరోపా పండితులు పలుదేశముల గ్రంథాలయములను గాలించుచున్నారు. అట్టి పట్టికనే అయిదవ తరగతి చదివిన ఆడుది పచారీ లెక్క వెనుక వ్రాసిపెట్టెను. దానిని తూకమునకు వేసినది మేము. పంతులుగారు ముద్దుపళనిని త్రోసిపుచ్చిరని ఆక్షేపించుటకు మాకు ఎంత అర్హత యున్నదో మీరే నిర్ణయింపుడు. వారు చదివి త్రోసిపుచ్చిరి. మేము చదువకయే త్రోసిపుచ్చితిమి.

కావున, సోదరీమణులారా, మీయందరికిని మా విన్నపము. మన లంకలు, తీరగ్రామములు తేమనేలలు. 1986 ఆగస్టునందలి వరదవంటివి వచ్చినచో కాగితము నిలువదు. నీరు రాకున్నను చెదపురుగు విడువదు. ఈ పండుగలకు పుట్టింటికి వెళ్లినప్పుడు ఒక్క పూట అటక యెక్కి చూడుడు. పాటల పుస్తకము గాని, ఉత్తరము గాని, నోముకథలు వ్రాసికొనిన కాగితము గాని దొరికినచో నీడపట్టున ఆరబెట్టి, ఎండిన వేపాకు వేసి శుభ్రమైన గుడ్డలో చుట్టిపెట్టుడు. చేతిలోని ఫోనుతో పుటపుటకును చిత్రము తీయుడు. అది వ్రాసినవారి పేరు, పుట్టింటిపేరు, అత్తింటిపేరు, ఊరు, సంవత్సరము వేరొక కాగితముమీద వ్రాసి దానితో జతపరుపుడు. ఫలానివారి భార్య, ఫలానివారి తల్లి యని మాత్రమే వ్రాసి ఊరకుండకుడు. పెద్దలు సజీవులై యున్నచో వారి యెదుట కూర్చుండి, “ఈ పాట నీకెవరు నేర్పారమ్మా? నువ్వేమైనా కట్టావా?” అని యడుగుడు. ఇది మంచిది, ఇది చెడ్డది, ఇది యశ్లీలము, ఇది నీరసము అని ఏరివేయకుడు. ఏరుటకు తరువాత కావలసినంతమంది యుందురు. ఇంట దాచలేనివారు రాజమహేంద్రవరమందలి గౌతమీ గ్రంథాలయమువంటి చోట్ల విచారించి అప్పగింపవచ్చును.

అచ్చమాంబగారు పరదేశస్త్రీల చరిత్రమును వ్రాయలేకపోయిరి. ఆ లోటు ఐరోపావారే తీర్చుకొనుచున్నారు. మన అటకలమీది చరిత్రమును మాత్రము పరదేశమువారెవరును వచ్చి వ్రాయరు. మీ అటకమీద ఏమి దొరికినదో మాకు తెలియజేయుడు. వచ్చిన లేఖలనుబట్టి పై మాసములలో ఈ ప్రసంగమును కొనసాగింతుము. మా రేకుపెట్టెలోని ఆ యొక్క కాగితమును అద్దపుచట్రములో బిగించి వ్రాతబల్లయెదుట పెట్టుకొంటిమి. పండ్రెండవ పాట మీలో నెవరి పుట్టింటనైన నిలిచియున్నదేమో యను ఆశ మాకింకను పోలేదు.